ఓబులేసన్న మొగానికి ఎద్దుకొమ్ముల రంగు

మా చిన్నప్పుడు... ఒకనాడు కోడి కూసే వేళకు మా వాకిట్లో ఎవరో మూలుగుతాండేటట్టు వినపడింది. లేచి చూస్తే మా ఓబులేసన్న. మొగమంతా ఎర్రగా వాచిపోయి, కండ్లు సగం మూసుకుపోయి... పక్కన లాంతరు పట్టుకొని అమ్మ.

ముందు రాత్రి ఊర్లో నాటకం. విడపనకల్లు దగ్గర మా ఊరు. శెనక్కాయ పంట ఇంటికొచ్చినాక తెల్లవార్లూ నాటకమాడేది మా ఊరి వాడుక. ఆ యేడు అన్నది రాజు వేషం. రంగులేసే ఆయన బళ్లారి నుంచి రాలేదు. రాజు బుగ్గలు ఎర్రగా లేకుంటే ఎట్ల అని, పండక్కి ఎద్దుల కొమ్ములకు పూసే రంగు తెచ్చి పూసేసినారు. నాటకం అయిపోయినాక ఎంత కడిగినా రాలేదు. కిరసనాయిలు పోసి గోనెపట్టతో రుద్దినారంట...

ఇంకొక రోజైతే నవ్వుకుండేవాళ్లం. కానీ ఆ పొద్దు పదిగంటలకు అన్న గుంతకల్లులో ఉండల్ల. రైల్వే ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కినాడు. మిగిలింది డాక్టరు పరీక్ష ఒక్కటే. ఈ మొగం చూస్తే చర్మరోగమనుకొని ఇంటికి పంపిస్తారని అమ్మ భయం.

దాంట్లో ఇంకో తంటా ఉండాది. మా నాయన మంగలి. ఊర్లో ఆయన కత్తి పడని గడ్డం లేదు, అన్నది తప్ప. కాలేజీకి పోయినకాడ్నుంచి అన్న గుంతకల్లు సెలూన్లోనే చేయించుకుండేవాడు. స్నేహితులతో "మా నాయనది సేద్యం" అని చెప్పినాడని ఎవరో నాయన చెవిన వేసినారు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. రెండేండ్లు... ఒకే ఇంట్లో ఉంటా, అమ్మతో మాటలు పంపించుకుండేవాళ్లు.

నాయన బయటికొచ్చినాడు. అన్నను చూసినాడు. తిడతాడనుకున్నా. తిట్టలేదు.

"కూచో" అన్నాడు.

అన్న అరుగు మింద కూచున్నాడు.

అప్పటికే వీధిలోవాళ్లంతా చేరినారు. ఒకాయన నిమ్మకాయ రుద్దమంటాడు. ఒకామె పసుపు పెట్టమంటాది. ఇంకొకాయన, "పటిక పెట్టన్నా, చిటికెలో పోతాది" అన్నాడు.

"కాలిన చోట మళ్లా మంట పెడతారా ఎవరైనా? దూరంగా నిలబడండప్పా" అన్నాడు నాయన, నిదానంగానే.

శెనక్కాయ నూనె అరచేతిలో పోసుకొని, రుద్దకుండా, ఊరికే అద్దినాడు. పావుగంట ఆగినాడు. రాత్రంతా చెమట పట్టి రంగు పూర్తిగా ఆరలేదు, అదే మేలయింది. అమ్మ పాతచీర పేలికతో తుడిస్తే ఎర్రగా ఊడొచ్చింది. మళ్లా నూనె... మళ్లా పేలిక. నాలుగుసార్లు.

ఇంక నీళ్లు కావల్ల. మా ఊరికి కొళాయి రెండు రోజులకొకసారి. ఇంట్లో మిగిలింది ఒక్క కడవ, అదీ తాగేదానికి. అమ్మ ఆ కడవ ఎత్తుకొచ్చి నాయన పక్కన పెట్టింది. నాయన ఆ చల్లనీళ్లలో గుడ్డ ముంచి అన్న మొగం మింద పరిచినాడు. గుడ్డ వెచ్చబడితే తీసి మళ్లా ముంచేది. నేను గట్టు మింద నుంచి కలబంద మట్ట కోసుకొస్తే, తొక్క తీసి లోపలి జిగురు చెంపలకు రాసినాడు.

"గడ్డం?" అని అడిగినాడు అన్న. రెండేండ్లకు నాయనతో అన్న మాట్లాడిన మొదటి మాట అది.

"ఈ పొద్దు కత్తి పెడితే తోలు లేసొస్తాది. గడ్డమున్నా ఉద్యోగమిస్తార్లే."

అన్న కండ్లల్లోంచి నీళ్లు కారతాండాయి.

"మండుతాందా?"

"లేదు నాయనా."

నాయన ఆ నీళ్లను గూడా గుడ్డతో అద్దినాడు.

ఏడు గంటల బస్సుకు అన్న పోయినాడు. వాపు తగ్గింది, ఎరుపు మాత్రం కొంచెం మిగిలింది. నాయన ఆ పొద్దు పనికి పోలేదు. అరుగు మింద కూచొని ఒకే కత్తిని ఎన్నిసార్లు నూరినాడో...

సాయంత్రం అన్న బస్సు దిగి, చెప్పులు గూడా విడవకుండా వచ్చి నాయన ముందర నిలబడినాడు.

డాక్టరు అన్న చెంప చూసి, "ఈ ఎరుపేందప్పా?" అన్నాడంట. అన్న నాటకం సంగతి, రంగు సంగతి చెప్పినాడంట. "మరి ఎవరు బాగు చేసినారు?" అని అడిగితే...

"మా నాయన సార్. మా నాయన మంగలి."

ఆ పరీక్షకే వచ్చి వరసలో నిలబడిన కాలేజీ స్నేహితులంతా వింటాండగానే చెప్పినాడంట. డాక్టరు నవ్వి, "మీ నాయన చెయ్యి మంచిది" అని పాసు రాసినాడంట.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన మాత్రం అన్న చెంప ఒకసారి తాకి చూసి, "మూడు రోజులు ఆగు, అప్పుడు గీస్తా" అన్నాడు.

మూడో రోజు గీసినాడు. నట్టనడి వీధిలో, కుర్చీ వేసి, ఊరంతా చూస్తాండగా. మా నాయన అంత నిటారుగా నిలబడి ఎవరికీ గడ్డం గీయలేదు.

మరుసటి యేడు నాటకం పెద్దలే మా ఇంటికొచ్చి రంగుల పెట్టె నాయన చేతికిచ్చినారు. "పూసేది నువ్వే, తీసేది నువ్వే" అన్నారు. తెల్లారేసరికి రాజులు, మంత్రులు, ఆడవేషాలోళ్లు... అందరూ మా అరుగు ముందర వరస కట్టినారు. ఆ పొద్దు నాకు మా ఇల్లే రాజుగారి కోట అనిపించింది.

ఇప్పుడు మా ఊర్లో నాటకాలు లేవు. మా పిల్లోడు స్నేహితులతో పార్టీకి పోయి ఏ రెండు గంటలకో వస్తాడు. పొద్దున ఆఫీసు కదా... తడి కాగితం మాదిరిదేదో మొగానికి అతికించుకొని, ఫోన్లో టైం పెట్టుకొని పడుకుంటాడు. లేచేసరికి మొగం మెరుస్తాంటాది, అబద్ధమెందుకు. కానీ తలుపేసుకొని, ఒక్కడే...

ఒక్కని మొగం బాగయ్యేదానికి వీధంతా నిద్ర లేచి నిలబడిన కాలం మాది. మీ ఇండ్లల్లో రాత్రంతా తిరిగొచ్చిన మగోళ్లను తెల్లారేసరికి మళ్లా మనుషుల్ని చేసిందెవరో, ఏం పెట్టి చేసినారో... రాయండి, చదువుకుంటా.