అన్‌రూలీనెస్‌కి అర్థం వెతికిన రోజులు

ఇంగ్లీషు–టర్కిష్ నిఘంటువును బేరమాడి సగం ధరకి కొన్న తెలుగువాడు మారిషస్ మొత్తానికి నేనొక్కడినే. ఆ తెలివి ఇంకెవరికీ లేదు.

స్వాతంత్ర్యానికి కొన్నేళ్ల ముందు మాట. కార్తియే మిలితేర్‌లో మాది కిరాణా కొట్టు. అప్పన్న పూజ మర్నాడు చెల్లెలు నుదుటి నామంతోనే బడికి వెళ్లింది. పంతులమ్మ చెరిపేయమంటే చెరపనంది. శుక్రవారం ఉత్తరం వచ్చింది. నాకొచ్చిన అరకొర ఇంగ్లీషుకి విషయం అందింది: సోమవారంలోగా తండ్రి వచ్చి క్షమాపణ రాసివ్వకపోతే ఆరో తరగతి పరీక్షకి ఆమె పేరు పంపరు. ఆమె చేసిన నేరం దగ్గర మాత్రం ఒక మాట కొరుకుడు పడలేదు. అన్‌రూలీనెస్.

"అలే, పోనీలే, వెళ్లి సంతకం పెట్టొచ్చేస్తా," అన్నాడు నాన్న.

"బస్తా విప్పి చూడకుండా ఏనాడైనా బియ్యం దించుకున్నామా నానా? అది బూతైతే? బూతుకి సంతకం పెడతావా?"

నాకు ఒళ్లు మండిపోతోంది. నుదుటి మీద గీతకి అంత పెద్ద మాటా! ఊళ్లో ఎవరినైనా అడిగితే ఇంటి గొడవ బజారెక్కుతుంది. అందుకే శనివారం పోర్ట్ లూయీ వెళ్లి పాత పుస్తకాలవాడి దగ్గర అట్టలేని నిఘంటువు పట్టుకున్నాను. కుట్టు లాగి చూశాను, కాగితం గిల్లి చూశాను, ఎడమ వరసలో ఇంగ్లీషుందని చూశాను. కుడి వరస, మా దీవిలో అందరికీ తెలిసే ఫ్రెంచి కాక ఇంకేముంటుంది?

బస్సులో విప్పితే ఆ మాటకి ఎదురుగా 'సెర్కెష్లిక్' అని ఉంది. మొదటి పేజీ తిప్పితే ఇంగ్లీషు–టర్కిష్ అని ఉంది; ఏదో ఓడలో వచ్చిన టర్కీవాడు అమ్ముకుపోయి ఉంటాడు.

అయినా వదల్లేదు. సోమవారం సరుకు కోసం సాంత్ర్ ద ఫ్లాక్ వెళ్లినప్పుడు, టర్కీ మాటకి ఉర్దూ చుట్టమేమోనని, ఉర్దూ చదువుకున్న బట్టల కొట్టు ముసలాయనకి వినిపించాను.

"తోక నాకు తెలీదు గానీ, తల మాదే. సర్కష్ అంటాం. తల ఎగరేసేవాడని," అన్నాడాయన. "ఎవరినన్నారు?"

"మా చెల్లెలిని. నామం చెరపనంది."

"అయితే సరిగ్గానే రాశారు!" అని పకపకా నవ్వాడు.

బూతు కాదని తేలింది. ఇల్లు చేరేసరికి బడి మూసేశారు. మంగళవారం పొద్దున్నే నాన్నని వెంటబెట్టుకు వెళ్లాను. పేర్లు నిన్ననే వెళ్లిపోయాయన్నాడు హెడ్‌మాస్టరు, తలెత్తకుండా. ఒక్క రోజండీ అని నాన్న చేతులు జోడించాడు. ఆ జోడించిన చేతులు గుర్తొస్తే ఇప్పటికీ నాకు రక్తం మరుగుతుంది.

ఇంటికొచ్చి చెల్లెలికి అర్థం చెప్పాను, పెద్ద ఘనకార్యంలా.

"నన్నడిగితే చెప్పేదాన్ని కదా అన్నయ్యా! మిస్ దాన్ని బోర్డు మీద రాసి, అర్థం చెప్పి, క్లాసంతటి చేతా చదివించింది."

అడగాలని తోచనే లేదు నాకు.

ఉన్నదున్నట్టు లెక్క చెప్పాలంటే, పరీక్షకి పేరు పంపనిది బడి, గడువు దాటించింది నేను. నాకు పోయింది రెండు బస్సు ప్రయాణాలు, కాస్త పరువు. మిగతాదంతా ఆమె కట్టింది. ఆ ఏడు పరీక్ష రాయలేదు, మరుసటి ఏడు నాన్న పంపలేదు. జెండా మారిన రోజున ఆమె మా కొట్లోనే పప్పు తూస్తోంది.