చింతచెట్లకు నేను వేసిన నంబర్లు

మొన్న హయత్‌నగర్ నుంచి ఆటోలో వస్తుంటే రోడ్డు పక్కన ఒక వేపచెట్టు మొదట్లో ఎర్ర రంగుతో నలభై రెండు అని వేసి ఉంది. రంగు ఇంకా ఆరలేదు, అంకె కింది నుంచి కారుతోంది. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. ఆటో ఆయన అద్దంలో నన్ను చూసి, "పానం బాగలేదా మేడం, జర ఆపాల్నా?" అన్నాడు. ఏం లేదు, పోనిమ్మన్నాను. పక్షుల మీద పరిశోధన అంటూ పాతికేళ్లు చెరువు గట్ల మీదా తుమ్మ కంపల్లోనూ తిరిగినదాన్ని. నాగుపాము పడగెత్తితే కదలకుండా నిలబడి చూశాను. ఎలుగుబంటి ఎదురైతే మెల్లగా వెనక్కి నడిచి వచ్చాను. చెట్టుకు నంబరు కనిపిస్తే మాత్రం ఈ వయసులోనూ తల పక్కకు తిప్పుకుంటాను. ఎందుకో చెప్పాలంటే మా బావ గురించి చెప్పాలి, సకల జనుల సమ్మె రోజుల గురించి చెప్పాలి.

అప్పట్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో మా అక్కాబావల దగ్గర ఉండేదాన్ని. రెండు గదుల కిరాయి ఇల్లు. కిటికీ తెరిస్తే కోచింగ్ సెంటర్ల బోర్డులే తప్ప ఆకాశం కనిపించదు, పక్షుల మనిషికి సరిగ్గా తగిన ఇల్లు. మాది నల్గొండ వైపు పల్లె. బావ బస్సు డిపోలో మెకానిక్కు. గొంతు పెద్దది, చేతులు పెద్దవి, తలుపు వేస్తే వీధి చివరికి వినిపించేది. ఇంటికి ఎవరొచ్చినా "మా మరదలు కొంగలకు హాజరేస్తది" అని నన్ను పరిచయం చేసేవాడు. వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు, నేనూ నవ్వేదాన్ని, లోపల మాత్రం చచ్చేంత సిగ్గేసేది. ఆ మాటలో తప్పేమీ లేదు మరి. నా ఉద్యోగం నిజంగా అదే.

ఎల్బీనగర్ దాటాక హైవే పక్కన ఆరు పాత చింతచెట్లు ఉండేవి. వానాకాలం వస్తే గుడ్డికొంగలు, తెల్లకొంగలు, నీటికాకులు ఆ కొమ్మల మీద గూళ్లు కట్టేవి. కింద చేపల కంపు, తెల్లటి రెట్టలు, పైన రోజంతా గరగరమని గోల. స్కూటర్ల వాళ్లు ఆ నీడలో ఆగి, తర్వాత తమ చొక్కాలు చూసుకుని తిట్టుకుంటూ పోయేవాళ్లు. ఏ చెట్టు మీద ఎన్ని గూళ్లు, ఎన్ని పిల్లలు, ఎన్ని ఎగిరిపోయాయి అని వారానికి రెండుసార్లు రాసుకోవడం నా పని. లెక్క కలిసిపోకుండా చెట్లకు నంబర్లు వేసుకోమన్నారు నా గైడు. ఒక పొద్దున పసుపు రంగు డబ్బా తీసుకుపోయి ఒకటి నుంచి ఆరు దాకా చక్కగా, గుండ్రంగా వేశాను. అక్కడ చాయ్ బండి నడిపే అవ్వ వచ్చి, "ఏంది బిడ్డా గీ నంబర్లు? సర్కారు సర్వేనా?" అంది. కొంగల గూళ్లు లెక్కపెడతానవ్వా అంటే ఇంకో అరగంట చెప్పాలి, చాయ్ తాగేవాళ్లంతా వినాలి, నవ్వాలి. "ఆఁ అవ్వా, సర్వేనే" అనేశాను. సర్వే మాట నిజమే కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. చెట్టుకు సర్కారు నంబరు పడిందంటే దాన్ని కొట్టేస్తారని అర్థమని మా ప్రాంతంలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఆ పూట తట్టలేదు.

తర్వాత సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బళ్లు మూతపడ్డాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. ఊరేగింపుల్లో నేనూ నడిచాను, జై తెలంగాణ అని నేనూ అరిచాను, అది భయంతో అరిచింది కాదు. కానీ భయం మాత్రం ప్రతి పూటా ఉండేది. ఎల్బీనగర్ చౌరస్తాలో ముళ్ల కంచెలు, పోలీసు వ్యాన్లు, ఏ గల్లీలోంచి ఎవరు పరుగెత్తుకొస్తారో తెలియదు. ఫలానా ఊళ్లో ఫలానా పిల్లగాడు ప్రాణం తీసుకున్నాడని రోజూ టీవీలో వచ్చేది. అక్క ఏడుస్తూ టీవీ ఆపేసేది, బావ మళ్లీ పెట్టేవాడు. అలాంటి రోజుల్లో నేను బైనాక్యులర్‌ను తువాలులో చుట్టి, టిఫిన్ డబ్బా కింద దాచుకుని కొంగల దగ్గరికి పోయి వచ్చేదాన్ని. గూళ్లలో పిల్లలు ఇంకా ఎగరలేదు. ఇంకో పది రోజులు ఆగితే రెక్కలొస్తాయి. ఆ పది రోజులు గడిస్తే చాలని వేళ్లు మడిచి లెక్కపెట్టుకునేదాన్ని.

ఒక సాయంత్రం అన్నం తింటూ బావ అక్కతో అన్నాడు: "రేపు హైవే బంద్. పొద్దుగాల్నే చెట్లు కొట్టి అడ్డం ఏస్తం. గా చాయ్ బండి కాడి చింతచెట్లు. ఎట్లన్న పొయ్యే చెట్లేనట, సర్కారోళ్లు నంబర్లు గూడ ఏసిన్రట." నేను పోయేది ఏదో చెరువు దగ్గరికని బావ అనుకుంటున్నాడు, ఆ చెట్ల సంగతి ఆయనకు తెలియదు. చెప్పడానికి ఒక్క వాక్యం చాలు: బావా, ఆ నంబర్లు నావి. ఆ వాక్యం నాలుక మీదికి వచ్చిన ప్రతిసారీ దాని వెనకే ఇంకోటి వినిపించేది, బావ పెద్ద గొంతులో: మనుషులు సస్తుంటే నీకు కొంగలు గావాల్నా? మజ్జిగ పోసుకుని, తల వంచుకుని తిని లేచాను.

తెల్లారేసరికి నాకొక ఉపాయం తోచింది. పిరికివాళ్ల ఉపాయాలు ఎప్పుడూ కష్టంగానే ఉంటాయి. ఎవరూ రాకముందే పోయి నంబర్లు చెరిపేయాలి. ఇనుప బ్రష్షు, రంగు కరగడానికి ఒక సీసాలో కిరసనాయిలు సంచిలో వేసుకుని బయల్దేరాను. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గరికి వచ్చాక గానీ నేను మోస్తున్నది ఏమిటో నాకు వెలగలేదు. ఆ రోజుల్లో ఒంటరిగా పోయే మనిషి సంచిలో కిరసనాయిలు దొరికితే పోలీసులు ఏమనుకుంటారో వేరే చెప్పాలా. ముందు కనిపిస్తున్నది పోలీసుల తనిఖీ. మార్కెట్ వెనక బత్తాయిల గడ్డి కుప్ప పక్కన సీసా ఒంపేసి, చేతులు చీర కొంగుకు తుడుచుకున్నాను. వాసన పోలేదు. పక్క గల్లీల్లోంచి చుట్టూ తిరిగి పోయాను. దాంతో గంట ఆలస్యమైంది.

నేను చేరేసరికి యాభై మంది దాకా ఉన్నారు. ఇద్దరు మూడో నంబరు చెట్టుకు రంపం పెట్టారు. దాని మీద పదకొండు గూళ్లు. పెద్ద కొంగలన్నీ లేచి పైన తిరుగుతున్నాయి, పిల్లలు మెడలు చాచి అరుస్తున్నాయి. నేను చాయ్ బండి పక్కన నిలబడ్డాను. బావ అటు తిరిగి తాళ్లు లాగిస్తున్నాడు. అవ్వ చాయ్ గ్లాసు చేతికిస్తే అందుకున్నాను కూడా. పావుగంట అలాగే నిలబడ్డాను. చెట్టు రోడ్డు మీదికి ఒరిగింది. తారు మీద గూళ్లు చెదిరిపోయాయి. పిల్లలు కొన్ని కదిలాయి, చాలా మటుకు కదల్లేదు.

వాళ్లు రంపం తీసుకుని నాలుగో చెట్టు దగ్గరికి నడిచారు. ఎలా పోయానో తెలియదు, రంపం పట్టిన పెద్దాయన ముందు నిలబడి ఉన్నాను. "అన్నా, గా నంబర్లు నేనేసినయి. సర్కారువి గావు. పిట్టల గూళ్లు లెక్కవెట్టనీకి ఏసిన" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు, కానీ అందరూ విన్నారు. కొడతారనుకున్నాను. తిడతారనుకున్నాను. పెద్దాయన రంపం కింద పెట్టి, చెమట తుడుచుకుని, పడిపోయిన చెట్టు వైపు చూశాడు. "గీ ముచ్చట ముందుగాల జెప్పొద్దా అమ్మా" అన్నాడు. అంతే. వాళ్లు పోయి, రోడ్డు పక్కన వేసి ఉన్న మురుగు మోరీ పైపులను దొర్లించుకొచ్చి దారికి అడ్డం పెట్టారు. అవ్వ పాల ప్యాకెట్ల ట్రే ఖాళీ చేసి ఇచ్చింది. అందులోకి నాలుగు పిల్లలు వచ్చాయి, వాటిలో ఒకటి బతికింది.

మధ్యాహ్నం బావా నేనూ నడిచి ఇంటికి వస్తున్నాం. నా చేతుల్లో ట్రే ఉంది. కాసేపటికి అది తన చేతుల్లోకి తీసుకున్నాడు. కొత్తపేట దాటాక, నా వైపు చూడకుండా, "రాత్రి అన్నం కాడ జెప్తే గాకపోవునా?" అన్నాడు. ఇంకొంచెం దూరం పోయాక, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో, "నన్ను జూసే భయపడ్డవా?" అన్నాడు. నేను ట్రేలో పిల్లల వైపు చూస్తూ నడిచాను. ఆయన మళ్లీ ఎన్నడూ అడగలేదు.

తెలంగాణ వచ్చింది. బావ రిటైరయ్యాడు. మిగిలిన ఐదు చెట్లు ఆ తర్వాత రోడ్డు వెడల్పు పనిలో పోయాయి, ఈసారి నిజమైన నంబర్లతోనే. ఆ సంగతి తలుచుకుని నా తప్పు తగ్గించుకుందామని చాలాసార్లు చూశాను, తగ్గదు. సమ్మె నాటికి నేను ఆ ఇంట్లో ఎనిమిదేళ్లుగా అన్నం తింటున్నాను. అన్నేళ్లలో బావ నన్ను కసిరి ఒక్క మాట అన్నది లేదు. అన్నం ముందు తల వంచుకున్నప్పుడు గానీ, చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడిన ఆ పావుగంటలో గానీ, ఆ ఎనిమిదేళ్లలో ఒక్క రోజు కూడా నాకు గుర్తు రాలేదు.