సీటు మీది అచ్చులు

మిర్యాలగూడలో ఒక టాకీసు ఊడ్చే రాహేలమ్మ ఇరవై ఏళ్లలో ఒక్క సినిమా కూడా పూర్తిగా చూడలేదు. అయినా ఏ దయ్యం సినిమా నాలుగు వారాలు ఆడుతుందో ముందు చెప్పేది ఆమే. ఆట వదలగానే చీపురు చంకన పెట్టుకుని వరస వరసా వంగి చూస్తుంది. భయం పుడితే మనిషి చెప్పులు వదిలేసి కాళ్లు సీటు మీదికి లాక్కుంటాడు. త్రిపురారం పొలాల మట్టి, రైసుమిల్లు తవుడు అక్కడ పాదాల అచ్చులై కనబడతాయి. పోయినేడు ఒక దయ్యం సినిమా మొదటి భాగం ఆడినన్నాళ్లూ ఆ అచ్చులు తుడవలేక ఆమె నడుము పట్టేసింది.

ఈ శుక్రవారం దాని రెండో భాగం వచ్చింది. మార్నింగ్ షోకి జనం పల్చగా ఉండేసరికి మేనేజర్ సైదులు పెదవి విరిచాడు.

“రెండో పార్టులు ఎప్పుడూ గింతే. సోమవారం తీసేద్దాం.”

“జర ఆగుండ్రి సారూ. వచ్చినోళ్లందరు కాళ్లు పైకే పెట్టిండ్రు. మొదటిదానికి ఏం తక్కువ లేదు.”

“నువ్వు సూసినవా?”

“సూస్త. ప్రార్థన చేసేదాన్ని, నాకు దయ్యమంటే భయమేంది?”

మ్యాట్నీకి చివరి వరసలో ఠీవిగా కూర్చుంది. ఆట వదిలి లైట్లు వెలిగాక సైదులు లోపలికి వచ్చాడు. మిగతా వరసలేవీ ముట్టకుండా, రాహేలమ్మ తను కూర్చున్న సీటునే కొంగుతో గబగబా తుడుస్తోంది. సోమవారం పోస్టరు మార్చొద్దని సైదులు అక్కడి నుంచే కేకేశాడు.