ప్లేటు ఆరే దాకా

ఈమధ్య వానలు తెరిపి ఇచ్చిన మర్నాడు మా ఊరి సచివాలయం వరండాలో ఛాతీ పరీక్షల శిబిరం పెట్టారని తెలిసి, కొన్నాళ్లుగా విడవకుండా దగ్గుతున్న మా తమ్ముణ్ని వెంటబెట్టుకుని వెళ్లాను. తమ్ముడు మా పొలం దాటి బతుకు తెరువు వెతుక్కోని మనిషి. నేను మా వంశంలో మొదటిసారి డిగ్రీ చదివి, చీపురుపల్లిలో ఒక చిన్న ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియనుగా చేరి, వయసంతా ఆ పనిలోనే గడిపి ఊరు చేరినవాణ్ని. కనుక ఆ శిబిరానికి తెచ్చిన కొత్త యంత్రాన్ని చూడాలన్న కుతూహలం నాకు ఉండవలసింది. ఉన్నదని నిజాయితీగా చెప్పలేను. వరసలో కుర్చీ చూసుకుని కూర్చున్నాను, అంతే.

ఆ యంత్రం పెళ్లిళ్లలో ఫొటోలు తీసేవారి కెమెరా కన్నా కాస్త పెద్దది. బ్యాటరీతో పనిచేస్తుంది, భుజానికి తగిలించుకుని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. ఎదురుగా స్టాండుకు ఒక నల్లని పలక, పక్కన బల్ల మీద ల్యాప్‌టాప్. సీసపు ఏప్రను కట్టుకున్న ఒక అమ్మాయి, మా మనవరాలి వయసుది, ఒక్కతే అంతా నడిపిస్తోంది. తమ్ముడు చొక్కా గుండీలు విప్పబోతుంటే వారించింది.

"సొక్కా ఇప్పక్కర్నేదు తాతా. జేబులో సెల్లుంటే తీసీ."

"ఇదేటమ్మా, ఇంత సిన్న మిసను తెచ్చేవు? నా పెళ్లి పొటోలకి దీనికన్నా పెద్దది తెచ్చేరు."

"ఆ పొటోల్లో నీ మొకమే పడింటాది తాతా. నానైతే లోపల సరుకంతా తీస్తాను. గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టు. ఆ... ఇంక ఒగ్గీ."

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. తమ్ముడు ఊపిరి పూర్తిగా వదిలే లోపే ఛాతీ బొమ్మ తెర మీదికి వచ్చేసింది. ఒక్కొక్క పక్కటెముక విడివిడిగా, గుండె అంచు గీత గీసినట్టుగా, మా కాలంలో ఎంత తంటాలు పడినా రానంత స్పష్టంగా వచ్చింది. నేను చూస్తుండగానే కంప్యూటరు తనంతట తానే ఆ బొమ్మలో కుడివైపు పైభాగాన ఎర్రటి రంగు పూసింది. నా రోజుల్లో ఎక్స్‌రే ప్లేటు చదవడం నేర్చినవాళ్లకు మాత్రమే కనబడే మచ్చ, ఇప్పుడు చదువురాని మా తమ్ముడికి కూడా కనబడింది. వాడు ఆ అమ్మాయిని అడగలేదు, నావైపు తిరిగాడు.

"అన్నియ్యా, ఆ ఎర్రది ఏటి?"

విశాఖపట్నంలో ఎక్కడో కూర్చున్న డాక్టరుకు బొమ్మ వెళ్లడమూ, బొమ్మ బాగా వచ్చింది, వెంటనే కళ్లె పరీక్ష చేయించండి అని తిరుగు జవాబు రావడమూ నేను నోరు తెరిచే లోపే అయిపోయాయి. అదే ప్రశ్న ఒకప్పుడు మా నాన్న కూడా నన్ను అడిగాడు. అప్పుడు మాత్రం నా దగ్గర ఒక జవాబు ఉండేది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎక్స్‌రే అంటే ఏమిటో మన వయసువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. చక్రాల మీద దొర్లించే బరువైన యంత్రం, కిటికీలకు నల్లగుడ్డ కట్టిన చీకటిగది, అందులో ఒక ఎర్రబల్బు, మందునీళ్ల తొట్లు, తడి ప్లేట్లను క్లిప్పులతో వేలాడదీసే వరండా తీగ. ప్లేటు ఎలా వస్తుందన్నది యంత్రం మీద కన్నా కరెంటు మీద ఎక్కువగా ఆధారపడి ఉండేది. మా ఆసుపత్రి వెనకే రైసు మిల్లు ఒకటి ఉండేది. అది ఆడుతున్నంతసేపూ వోల్టేజి పడిపోయి, మేము తీసిన ప్లేట్లన్నీ పొగమంచు కమ్మినట్టు పాలిపోయి వచ్చేవి. దానికి తోడు ఎక్కువసేపు ఊపిరి బిగబట్టమంటే దగ్గువాళ్లు పట్టలేకపోయేవారు, బొమ్మ కదిలిపోయేది. ఊపిరి వదలండి అని పుస్తకంలో మాట చెబితే సగం మందికి అర్థమయ్యేది కాదు, ఒగ్గీండి అంటేనే వదిలేవారు. ఆ మాట నేను నేర్చుకోనక్కర్లేకపోయింది, అది మా ఇంటి మాటే. నా ఉద్యోగం విన్నప్పుడు మా మేనమామ నలుగురిలో చేసిన వేళాకోళం నాకింకా గుర్తే. "బీయస్సీ సదివి ఏటి సేస్తన్నాడ్రా అంటే, ఊరోళ్ల ఎముకలు లెక్కెడతన్నాడంట!" నాన్న మాత్రం ఎవరు అడిగినా, మావోడు మనిషి లోపల పొటోలు తీస్తాడు అని గంభీరంగా చెప్పేవాడు.

నేను ఉద్యోగంలో చేరేనాటికే నాన్నకు దగ్గు పట్టుకుంది. అంతకుముందెప్పుడో ఊళ్లోకి వ్యానులో వచ్చినవాళ్లు జనరేటరు పెట్టి ఆయన ఛాతీ ఫొటో తీశారు. ఆ ఫొటో కదిలిపోయింది. అందులో ఏదో మసక కనబడిందని, టీబీ అయ్యుండవచ్చని, సూదిమందు మొదలుపెట్టారు. నెలలు గడిచినా దగ్గు తగ్గలేదు, మనిషి తగ్గిపోయాడు. చుట్ట మానమంటే, మానితే దగ్గుకి తోడెవరుంటారని అనేవాడు. మా ఇంట్లో అప్పుడు అందరి ఆశా ఒక్కటే, ఆ జబ్బు టీబీయే కావాలని. ఒకరోజు అమ్మ దేవుడి మూల నిలబడి, తల్లీ టీబీయే అవ్వనీ, నీకు పుంజునిస్తాను అని మొక్కుకుంటుంటే మా మేనత్త విని నివ్వెరపోయింది.

"ఏటే, మొగుడికి టీబీ రావాలని మొక్కుతన్నావా?"

"టీబీకి మందుందంట వదినా. మందునేనిది వస్తే ఏటి సేస్తాం?"

తర్వాత మేనత్త కూడా మొక్కుకుందని విన్నాను.

ఆ మసక ఫొటోను నమ్ముకుని ఎన్నాళ్లు కూర్చుంటామని, ఒక ముసురు రోజున నాన్నను మా ఆసుపత్రికి రప్పించాను. ధాన్యం తడుస్తుందని ఆ రోజు మిల్లు ఆపేశారు. వోల్టేజి మీటరు ముల్లు నేను అంతవరకు చూడనంత ఎత్తున నిలబడి ఉంది. నాన్న చొక్కా విప్పి ప్లేటుకు ఎదురుగా నిలుచున్నాడు. గడ్డం పైకెత్తి, చేతులు నడుముకు ఆనించి, భుజాలు ముందుకు వంచి నిలబెట్టడం మా పని. అందరినీ పట్టుకున్నట్టే ఆయన భుజాలనూ పట్టుకున్నాను. చిన్నప్పుడు ఆ భుజాల మీద కూర్చుని ఎక్కడెక్కడ తిరిగానో అప్పుడు గుర్తుకు రాలేదు. ఎముక ఎక్కడ అడ్డువస్తుందో మాత్రమే చూశాను.

"నా గుండెల్లో ఏటుందో మీ అమ్మకి ఎప్పుడో తెలుసురా. దానికి మిసను కావాలా?" అన్నాడు గోడవైపు మొహం పెట్టుకునే.

మాట్లాడకుండా ఊపిరి బిగబట్టమన్నాను. దగ్గువాళ్లెవరూ నిలపలేని ఊపిరిని ఆయన నిలిపాడు. కొడుకు చదువుకుని చేస్తున్న పని తన మూలాన చెడిపోకూడదని అనుకున్నాడో ఏమో తెలియదు. నేను ఒగ్గీ నాన్నా అనే వరకు ఆయన వీపు కదలలేదు. ఆ తర్వాత వచ్చిన దగ్గుకు మాత్రం గోడ పట్టుకుని కింద కూర్చోవలసి వచ్చింది.

చీకటిగదిలో ప్లేటును మందునీళ్లలో ముంచి ఎర్రబల్బు వెలుగుకు ఎత్తి చూశాను. అంతకుముందు గాని, తర్వాత గాని అలాంటి ప్లేటు నేను తీయలేదు. ఊపిరితిత్తుల్లో రక్తనాళాల కొసలు కూడా కనబడుతున్నాయి. కుడివైపున ఉన్నది మసక కాదు. అంచు తెలిసే గడ్డ. చుట్టూ వేళ్లలాంటి గీతలు. నేను డాక్టరును కాను, కానీ అలాంటివి చూసి ఉన్నాను. ఎంతసేపు అక్కడ నిలబడ్డానో తెలియదు. ఏడుపు రాలేదు. ప్లేటును కడిగాను, క్లిప్పు పెట్టాను, బయటికి వచ్చి వరండా తీగకు తగిలించాను. రోజూ చేసే పనులే, రోజూ చేసే వరసలోనే చేశాను.

నాన్న ఆ తీగ కిందే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ప్లేటు నుంచి చుక్కలు కారుతుంటే తలెత్తి చూశాడు.

"నా లోపల ఇంత నీరుందేటిరా! మన సెరువు కన్నా నయం." కాసేపయ్యాక అడిగాడు, "ఏటి కనపడతన్నాది?"

"ప్లేటు ఆరాలి నాన్నా."

"ఎప్పటికి ఆరతాది?"

"ముసురు కదా. ఆలస్యమవుతుంది."

అది అబద్ధం కాదు. తడి ప్లేటు మీద తీర్పు చెప్పకూడదన్నది మాకు నేర్పిన మొదటి పాఠాలలో ఒకటి. ఆయన తల ఊపి, చుట్ట వెలిగించబోయి, ఆసుపత్రి కదా అని మళ్లీ చెవి సందున పెట్టుకున్నాడు. సాయంత్రం దాకా కూర్చుని, ప్లేటు ఇంకా ఆరలేదని, బస్సెక్కి ఊరికి వెళ్లిపోయాడు.

ప్లేట్లు చదివే పెద్ద డాక్టరు విజయనగరంలో ఉండేవారు. వారం వారం మా ప్లేట్లన్నీ ఖాకీ కవర్లలో పెట్టుకుని నేనే పాసింజరు బండిలో తీసుకువెళ్లేవాణ్ని. ఆ వారం కవర్లలో నాన్నది కూడా ఒకటి. వెలుగుపెట్టె మీద దాన్ని పెట్టగానే ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. "ఇది మీ మిషను మీద తీసిందేనా? ఎంత బాగా తీశావయ్యా!" అంటూ పక్కగదిలోని కుర్ర డాక్టర్లను పిలిచి, గ్రామాల నుంచి కూడా ఇలాంటి ప్లేటు రాగలదని, అంచు ఎంత శుభ్రంగా ఉందో చూడండని పెన్సిలుతో చూపించారు. ఆ తర్వాతే, గొంతు మార్చకుండా, ఇది టీబీ కాదు, చేయి దాటిపోయింది, ఇంటివాళ్లకు చెప్పెయ్యమన్నారు. అలాగేనండి అన్నాను. ఆ ఇంటివాళ్లు నేనేనని చెప్పలేదు. చెప్పాలని గాని, దాచాలని గాని అనిపించలేదు. ఆయన మెచ్చుకోలు ఒక చెవిన, తీర్పు ఒక చెవిన పడ్డాయి. రెండూ ఒకే బరువుగా ఉన్నాయి.

సెలవునాడు ఇంటికి వెళితే నాన్న కళ్లం అంచున నులకమంచం వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"ప్లేటు ఆరిందేటిరా?"

"ఆరింది నాన్నా."

ఆయన నా మొహంలోకి కాసేపు చూశాడు. "సరే అయితే. ఆ సూదిమందు ఇంక ఒగ్గీమను," అన్నాడు. మళ్లీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. ఆ ఏటి కోతలు అయ్యాక పోయాడు. ప్లేటును పెద్ద డాక్టరు పాఠాలకు పనికొస్తుందని తన దగ్గరే ఉంచుకున్నారు.

శిబిరం జరిగిన వారంలో తమ్ముడి కళ్లెలో టీబీ క్రిములు కనబడ్డాయి. మాత్రలు ఇంటికే తెచ్చి ఇస్తున్నారు, మింగుతున్నాడు, దగ్గు కూడా తగ్గుముఖం పట్టింది. పూర్తిగా నయమవుతుందని ఆ అమ్మాయి ధైర్యం చెప్పింది. నాన్నకు రావాలని అమ్మ మొక్కుకున్న జబ్బు ఇన్నేళ్లకు ఆయన చిన్నకొడుకుకు వచ్చింది. ఇది సంతోషించవలసిన సంగతేనని నాకు తెలుసు. ఆ సంతోషం ఎక్కడైనా తగులుతుందేమోనని లోపల వెతికాను, తడిమిన చోటల్లా చీకటిగది గోడలా చల్లగా, నున్నగా ఉంది.

ఈ కొత్త యంత్రాలను నేను తక్కువ చేయను. అలాంటిది ఆనాడు మా ఊరికి తొలిసారే వచ్చి ఉంటే, ఆ మసక ఫొటోను నమ్ముకుని నెలలు పోగొట్టుకునేవాళ్లం కాదు. మిల్లు ఆగాలని, వాన పడాలని, బండి రావాలని ఇప్పుడు ఎవరూ ఎదురుచూడనక్కర్లేదు. అది మంచిదే. అయితే బొమ్మ పడడానికీ సంగతి తెలియడానికీ నడుమ మనకు కొంత జాగా ఉండేది, అందులో ఒక తండ్రి తీగకు వేలాడే తన ప్లేటు కింద కూర్చుని చెరువు మీద హాస్యమాడగలిగేవాడు. వరండాలో తమ్ముడు ఆ ఎర్రమచ్చ చూపించి అడిగినప్పుడు, ప్లేటు ఆరాలిరా అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. చుట్టూ చూశాను. ఆరవలసింది అక్కడ ఏమీ లేదు.