రైటమ్మ, మహారాణి

బస్సులో కండక్టరుగా ఉన్నన్నాళ్ళూ రైటమ్మ కూర్చున్నది తక్కువ. అసలు పేరు ఇంట్లోవాళ్ళకే సరిగ్గా గుర్తుండేది కాదు, ఆ గొంతు విని జనం పెట్టిన పేరే మిగిలింది. ఆమె "రైట్ రైట్" అంటే బస్సు కదలాలి, "హోల్డాన్" అంటే ఎక్కడిదక్కడ ఆగిపోవాలి. ఉద్యోగం అయిపోయిన మర్నాడు మొగుడితో, "ఇన్నాళ్ళూ జనాన్ని కూర్చోబెట్టానండీ, ఇక నేను కూర్చుంటాను," అంది. ఆ దర్జీ మహానుభావుడు సంతోషించి కుర్చీకి మెత్తటి దిండు కుట్టాడు. ఆవిడ దిండు పక్కన పడేసి, ఊరి చివర గుర్రపుస్వారీ నేర్పే బడికి వెళ్ళి జీను మీద కూర్చుంది.

అక్కడ ఆమెకి దొరికింది మహారాణి. ముసలి గుర్రం. మూతి చుట్టూ వెంట్రుకలు నెరిశాయి, కళ్ళ మీద గుంటలు పడ్డాయి. అయితే వయసు ఒంటికే వచ్చింది, పొగరుకి రాలేదు. జీను బిగిస్తుంటే పొట్ట ఉబ్బించేది, ఎక్కబోయేసరికి గాలి వదిలేసేది. పట్టీ వదులై ఎక్కినవాళ్ళు జీనుతో సహా పక్కకి జారేవాళ్ళు. చలికాలంలో మరీను. పొద్దున్నే కీళ్ళు పట్టేసి ఈడ్చుకుంటూ నడిచేది, ఒళ్ళు కాస్త వేడెక్కిందా, ఇక దానికి పట్టపగ్గాలుండేవి కావు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళంతా దాన్ని చూసి ఆమడ దూరం పోయేవాళ్ళు. రైటమ్మకి మాత్రం చూడగానే నచ్చేసింది.

ఎక్కి కూర్చోగానే నోటి అలవాటు కొద్దీ "రైట్ రైట్" అనేది. మహారాణి కదిలేది. ఇద్దరికీ భలే కుదిరిందని ఆమె మురిసిపోయింది.

ఆ మురిపెం ఎక్కువ రోజులు నిలవలేదు. ఒక మంచు పొద్దున, బడి నడిపే మాస్టారు గేటు దగ్గర నిలబడి జాగ్రత్తలు చెబుతుంటే, మహారాణి ఉన్నట్టుండి దౌడు తీసింది. రైటమ్మ గడ్డిమోపుల మీద వెల్లకిలా పడింది. అంతకు ముందు వారం కూడా ఇదే వరస. ఆమె ఎముకలు విరగలేదు గానీ మాస్టారి మనసు విరిగిపోయింది.

"మీ తప్పు కాదమ్మా, దీనికే మతి చలించింది," అన్నాడాయన. "ఇంకొక్కసారి పడేసిందంటే జీను దించేస్తాను. ఇక లాయంలోనే."

రైటమ్మ ఒంటి మీద గడ్డి దులుపుకుంటూ మహారాణి కేసి చూసింది. ఈ చలిలో రోజూ తిప్పకపోతే కీళ్ళు బిగుసుకుపోతాయనీ, ఆపైన అది లేవలేదనీ పశువుల డాక్టరు చెప్పగా విన్నది. తనని ఇంటికి పంపేటప్పుడు కనీసం సభ పెట్టి నాలుగు మంచి మాటలు చెప్పారు. దీనికి ఆ ముచ్చట కూడా లేదు.

ఇంట్లో మొగుడు ఆమె నడుముకి కాపడం పెడుతూ సాధించడం మొదలుపెట్టాడు.

"ఈ వయసులో గుర్రమేంటే? రాణీగారు యుద్ధానికెప్పుడు బయల్దేరుతున్నారని పక్కింటాయన అడుగుతున్నాడు."

"రైట్ రైట్."

"నడుం తగ్గేదాకా మంచం దిగకు."

"రైట్ రైట్."

"అసలు వింటున్నావా? అన్నిటికీ రైట్ రైట్ అంటావేంటి, కదలడానికి నేనేమన్నా బస్సునా?"

రైటమ్మ కాపడం గుడ్డ తోసేసి లేచి కూర్చుంది. గేటు దగ్గర మాస్టారు చెప్పిన ప్రతి మాటకీ తనేమంది? ఇదే కదా! ముసలిదానికి మతీ పోలేదు, మన్నూ పోలేదు. చెప్పిన మాట విని పరిగెత్తింది, పాపం.

"నా నోరు పడిపోనూ!" అని నెత్తి కొట్టుకుంది. "పొమ్మని నేర్పాను గానీ, ఆగమని నేర్పలేదండీ!"

ఈ మాట చెబితే మాస్టారు పూర్తిగా నమ్మలేదు. "ఆదివారం మైదానం చుట్టూ ఒక్క చుట్టు తిరిగి చూపించండి. పడ్డారా, ఇక నన్ను బతిమాలొద్దు," అన్నాడు.

ఆ రోజు నుంచి రైటమ్మ తెల్లారగానే మఫ్లరు చుట్టుకుని బయల్దేరేది. "ఏం చేస్తావే అక్కడ, గుడ్డి గుర్రానికి పళ్ళు తోముతావా?" అనేవాడు మొగుడు. "గుడ్డిది కాదండీ. పళ్ళు కూడా మీకంటే గట్టివి," అని వెళ్ళిపోయేది. పగ్గం పట్టుకుని మహారాణి పక్కనే నడిచేది. నడుస్తూ నడుస్తూ "హోల్డాన్" అని ఆగేది. అదీ ఆగితే క్యారెట్ ముక్క. ఆగకపోతే మళ్ళీ మొదటికి.

ఆదివారం గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంది. రైటమ్మ జీను బిగించి, ఆ గడుసుది గాలి వదిలేదాకా ఆగి, మళ్ళీ బిగించి ఎక్కింది. కీళ్ళు సాగేదాకా నింపాదిగా నడిపించింది. అంతా సవ్యంగానే ఉంది. కంచె పక్కన రోడ్డు, రోడ్డు మీద బస్‌స్టాపు. అప్పుడే వచ్చి ఆగిన బస్సులోంచి కొత్త కండక్టరు గొంతు చించుకుని అరిచాడు.

"రైట్ రైట్!"

మహారాణి చెవులు నిక్కాయి. మరుక్షణం కంచె వెంబడి బస్సుతో సమానంగా దౌడు. మాస్టారు కేకలేస్తూ వెనక పడ్డాడు. చల్లగాలి మొహాన్ని కోస్తోంది, మఫ్లరు ఎగిరిపోయింది. రైటమ్మకి భయం వేసింది, నిజమే. ఆ భయంలోనే పట్టరానంత సంతోషమూ పొంగుకొచ్చింది. ఎదురుగా కాలువ కనిపించింది. ఆమె జీనులో బరువుగా సర్దుకుని, పగ్గాలు దగ్గరికి తీసుకుని, ఉద్యోగంలో కూడా ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచింది.

"హోల్డాన్!"

మహారాణి ఆగింది. కంచెకి అవతల కీచుమంటూ బస్సు కూడా ఆగింది.

ఆమెతో ఏళ్ళ తరబడి పనిచేసిన డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "నువ్వా అక్కా! గొంతు వినపడగానే కాలు దానంతటదే బ్రేకు మీద పడింది!"

మాస్టారు రొప్పుతూ వచ్చాడు. జీను మీద చెక్కుచెదరకుండా ఉన్న రైటమ్మని చూశాడు, చెమటతో ఆవిర్లు కక్కుతున్న మహారాణిని చూశాడు. గుర్రం మెడ తట్టి, "చెమట మీద ఉంది, చలిలో నిలబెట్టకూడదు. ఇంకో చుట్టు తిప్పండి," అన్నాడు. "రేపు కూడా పెందలాడే రండమ్మా."

రైటమ్మకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. అంతలో కంచె దగ్గర మొగుడు కనిపించాడు. పడితే పనికొస్తుందని కాబోలు, ఆ మెత్తటి దిండు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏమే, కానీయ్!" అని అరిచాడు. "బస్సులో జనం ఎదురుచూస్తున్నారు!"

రైటమ్మ వెన్ను నిటారుగా పెట్టి, గొంతు సవరించుకుంది.

"రైట్ రైట్!"

ముందు మహారాణి కదిలింది. ఆ తర్వాతే బస్సు.