గొల్యాతు కార్డు వెనకవైపు

నిన్న కొట్టులో చెక్క బీరువా కింది అర లాగగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. దానికి పాత అట్టల వాసన, రేకు డబ్బా తుప్పు వాసన కలిస్తే నాకు దయామణి టీచరు గారు గుర్తుకొస్తారు. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఆవిడ నాకు ఏ తరగతిలోనూ పాఠం చెప్పలేదు. మేం కలిసేనాటికే ఆవిడ రిటైరైన డ్రిల్లు టీచరు, నేను విజయవాడ వన్‌టౌన్‌లో పాత నాణేలు, స్టాంపులు, క్రికెట్ కార్డులు అమ్ముకునే మనిషిని. అయినా ఎవరైనా అడిగితే మా టీచరనే చెబుతాను.

నేను పెరిగిన వాతావరణం గురించి కొంచెం చెప్పాలి. నాన్నది పచారీ కొట్టు, పెదనాన్నది స్టీలు సామాన్ల కొట్టు, మేనమామది బట్టల కొట్టు. మా ఇంట్లో ఎవరైనా మొదట చెప్పిన ధరకే వస్తువు కొనుక్కొస్తే, జ్వరమేమోనని నుదురు తడిమి చూసేవారు. సరుకు గుణం మనం చెప్పాలి, లోపం కొనేవాడు వెతుక్కోవాలి అన్నది నాన్న పద్ధతి. నేను దానికి ఇంకొంచెం మెరుగు పెట్టాను. కొనేటప్పుడు లోపాలన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పచెప్పేవాణ్ణి, అమ్మేటప్పుడు అవన్నీ మర్చిపోయేవాణ్ణి. నా జ్ఞాపకశక్తి అంత వ్యాపారదక్షత కలది.

ఒక వేసవి మధ్యాహ్నం ఆవిడ కొట్టులోకి వచ్చారు. పొట్టి మనిషి, నలగని కాటన్ చీర, కాళ్లకు తెల్ల కాన్వాసు బూట్లు. చేతిసంచిలోంచి బిస్కెట్ల రేకు డబ్బా తీసి బల్లమీద పెట్టి మూత తెరిచారు. లోపల కలరా ఉండల మధ్య, తెల్ల కాగితాల్లో చుట్టిన బేస్‌బాల్ కార్డులు. అమెరికాలో ఒకప్పుడు చూయింగ్ గమ్ పొట్లాల్లో పెట్టి ఇచ్చిన ఆటగాళ్ల బొమ్మలు. వాటి గురించి ఫోన్‌లో చదవడమే తప్ప, కళ్లతో చూడటం నాకు అదే మొదలు. అందులో ఒకటి మరీ అరుదైనది. ముఖానికి ఇనుప తొడుగు, రొమ్ముకు మెత్తటి కవచం కట్టుకుని, బంతి పట్టడానికి కూర్చున్న ఆటగాడి బొమ్మ.

నేను ఆవలింత ఒకటి తెచ్చిపెట్టుకున్నాను. "పాత బొమ్మలండీ. ఈ ఆట మనవాళ్లకి తెలీదు. ఎవరు కొంటారు చెప్పండి? ఏదో తెచ్చారు కాబట్టి..."

"బాబూ, ఆ ముసుగాయన్ని చూడగానే నీ కాళ్లు రెండూ కుర్చీ కిందనుంచి ముందుకొచ్చాయి" అన్నారావిడ. "ఉద్యోగమంతా పిల్లల కాళ్లు చూస్తూనే గడిపాను. పరిగెత్తాలనుకునేవాడు మొహం ఎంత బిగించుకున్నా మడమ ఆగదు. ఇప్పుడు చెప్పు, ఎవరు కొంటారు?"

నాకు నవ్వొచ్చింది. ఓడిపోయినప్పుడు నవ్వడం కూడా మా బజారు విద్యే. టీ తెప్పించి, నేను కొనకుండా కమీషన్ మీద అమ్మిపెడతానని ఒప్పుకున్నాను. ఆ కమీషన్‌నూ ఆవిడ సగానికి దించారు. అంత తియ్యగా నన్ను అంతకుముందు ఎవరూ దించలేదు.

ఎందుకు అమ్ముతున్నారో అప్పుడే చెప్పారు. ఆవిడది కూచిపూడి దగ్గర ఒక పల్లె. ఊళ్లో ఆడపిల్లలు హైస్కూల్లో ఉన్నంతకాలం బాల్ బ్యాడ్మింటన్ బాగా ఆడతారు. పదో తరగతి అయిపోగానే ఆట ఆగిపోతుంది. కాలేజీ నుంచి వచ్చేసరికి పొద్దువాలుతుంది, హైస్కూలు గ్రౌండు ఊరికి దూరం, ఊళ్లో ఉన్న ఖాళీ జాగాలన్నీ మగపిల్లల క్రికెట్‌వి. చర్చి వెనక పల్లపు స్థలం ఇవ్వడానికి సంఘపెద్దలు ఒప్పుకున్నారు. వానాకాలం వస్తే అది మోకాలిలోతు మడుగు. ఆలోగా మెరక తోలించి, స్తంభాలు పాతాలి. లేకపోతే ఇంకో ఏడాది పోతుంది, ఆడే పిల్లల్లో సగంమందికి ఈలోగా పెళ్లిళ్లయిపోతాయి.

"మరి ఇవి మీ ఊరికెలా వచ్చాయండీ?" అన్నాను.

ఒకప్పుడు అక్కడి మిషన్ ఆసుపత్రిలో అమెరికా డాక్టరు ఒకాయన ఉండేవారట. కుటుంబంతో తిరిగి వెళ్లిపోతూ తన పిల్లల ఆటవస్తువుల పెట్టె సండే స్కూలుకు వదిలేశారు. సండే స్కూలు నడిపేది టీచరు గారి నాన్న. కంఠతా పట్టిన బైబిలు వాక్యం తప్పు లేకుండా అప్పచెప్పిన పిల్లలకు బొమ్మ కార్డు బహుమతిగా ఇవ్వడం ఆ రోజుల్లో ఆనవాయితీ. ముద్రించిన బైబిలు బొమ్మలు అయిపోయాక, ఆయన ఈ కార్డులు తీశారు. కర్ర పట్టుకున్నవాడు మోషే. చెయ్యి పైకెత్తి బంతి విసరబోతున్నవాడు దావీదు, ఆ చేతిలోది రాయి. ముసుగూ కవచమూ తొడుక్కుని కూర్చున్నవాడు, ఆ రాయి దెబ్బకు పడిపోయిన రాక్షసుడంతటి వీరుడు గొల్యాతు కాక ఇంకెవరు?

"నాన్న అబద్ధం చెప్పలేదు బాబూ. నిజంగానే అలా అనుకున్నారు. అమెరికా వాళ్లు దావీదుకి ప్యాంటు వేశారేంటని మాత్రం ఒకసారి పాస్టరు గారిని అడిగారట" అని చీరకొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు.

ప్రతి కార్డు వెనకా ఆయన నల్ల సిరాతో గెలిచిన పిల్లవాడి పేరు, అప్పచెప్పిన కీర్తన సంఖ్య రాసేవారు. ఆ పిల్లలే ఇప్పుడు ఊళ్లోని ముసలివాళ్లు. పిల్లల గ్రౌండు కోసమని పెట్టెల్లోంచి, బైబిలు పేజీల మధ్యనుంచి తీసి ఇచ్చారు. గొల్యాతు వెనక "సామ్రాజ్యం" అని ఒక ఆడపిల్ల పేరు ఉంది.

ముంబైలో ఇలాంటి కార్డులు పోగుచేసే ఒకాయన దొరికాడు. బొమ్మవైపు ఫోటోలు తీసి పంపాను. ఆయన చెప్పిన ధర విని నేను ఫోన్ చెవి మార్చుకుని మళ్లీ విన్నాను. మెరకకీ, స్తంభాలకీ, చుట్టూ కంచెకీ, కూర్చోవడానికి సిమెంటు మెట్లకీ సరిపోతుంది. టీచరు గారికి చెబితే ఆ సాయంత్రమే ఆ పల్లంలోకి దిగి ముగ్గుపిండితో కోర్టు గీతలు గీసేశారట. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశారు.

"వెనకవైపు రాతలున్నాయని ఆయనకి చెప్పావా?"

"ఆయన అడగలేదండీ."

"అడగలేదా, నువ్వు చూపించలేదా?"

"టీచరు గారూ, పార్శిల్ విప్పాక చూసుకుంటాడు. అప్పటికి చేతిలో వస్తువు ఉంటుంది, వదలబుద్ధి కాదు. మా బేరాలు ఇలాగే ఉంటాయండీ."

"మా ఆటలు ఇలా ఉండవు" అని పెట్టేశారు.

వెనకవైపు ఫోటోలు పంపాను, పళ్లు పీకించుకున్నంత బాధగా. రాతలుంటే ఆ ధర రాదన్నాడు ముంబై ఆయన. తర్వాత చల్లగా ఒక దారి చెప్పాడు. పాత కాగితాల మీద సిరా తీసేసే పనిమంతుడు ఒకడున్నాడు, ఖర్చు తనే పెట్టుకుంటాడు, రాతలు పోతే ధర దాదాపు అదే. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇందులో మోసం ఎక్కడుంది? కొనేవాడికి తెలిసే కదా జరుగుతోంది!

టీచరు గారు వెంటనే కాదనలేదు. కార్డులు తనవి కావు, ఇచ్చినవాళ్లను అడగాలి అన్నారు. నన్నూ రమ్మన్నారు. గొల్యాతు కార్డు ఇచ్చిన సామ్రాజ్యమ్మ గారు ఇంటి అరుగుమీద కూర్చుని చింతపండు గింజ తీస్తున్నారు. టీచరు గారి నాన్న చేతిరాత, తన చిన్ననాటి పేరు, కన్నీళ్లు పెట్టుకుంటారేమోనని నేను దారిపొడుగునా భయపడుతూ వచ్చాను. సంగతంతా విని ఆవిడ గింజ తీయడం కూడా ఆపలేదు.

"దానికింత ఆలోచనేంటే దయమ్మా? చెరిపించెయ్. నా పేరు చెరిపితే నేనేమన్నా ఊడిపోతానా? కీర్తన నోటికొచ్చు, అది ఎవడు చెరుపుతాడు?"

నేను ఆనందంతో టీచరు గారి వైపు చూశాను. ఆవిడ కార్డును అటూ ఇటూ తిప్పుతున్నారు. వీధిలో ఇద్దరమ్మాయిలు బ్యాట్లు చంకలో పెట్టుకుని, ముగ్గు గీతలు చూడ్డానికి చర్చి వైపు పోతున్నారు. ఆవిడ చూపు వాళ్ల వెంటే మలుపు దాకా వెళ్లింది. టీచరు గారు ఎంత తెగువ మనిషైనా, ఆ నిమిషంలో వద్దనడం ఆవిడకు ఎంత కష్టమైందో నేను చూశాను.

"ముంబై ఆయనకి తెలుసు, నిజమే. రేపు ఆయన ఇంకొకడికి అమ్ముతాడు. వాడికెవరు చెబుతారు?"

"వాడి సంగతి మనకెందుకండీ?"

"లైను మీద ఎవరూ లేనప్పుడు బంతి లోపల పడిందో బయట పడిందో ఆడేవాళ్లే చెప్పాలి బాబూ. పిల్లలకి అదే చెప్పి గ్రౌండులోకి పంపిస్తాను. ఆ గ్రౌండే చెరిపేసిన సిరాతో కడితే, ఇక ఏ మొహంతో చెప్పను?"

"నీ చాదస్తం నీదేలే" అన్నారు సామ్రాజ్యమ్మ గారు. "చిన్నప్పుడూ ఇంతే. ఒక్క మాట తప్పు చెప్పి, మళ్లీ మొదటినుంచి అప్పచెబుతానని కూర్చునేది. మాకు అన్నాలు చల్లారిపోయేవి!"

ఆ రాత్రి ఇంటికొచ్చి ఆవిడను మనసులో చాలా తిట్టుకున్నాను. ముంబై బేరంతో పాటు నా కమీషన్ కూడా పోయింది మరి. వారం తిరక్కుండా ఆవిడ మళ్లీ కొట్టుకొచ్చి, ఎదురుగా కూర్చుని, అమ్మకం ప్రకటన కొత్తగా రాయించారు. వెనకవైపు ఫోటో ముందు, బొమ్మవైపు తర్వాత. "సిరా రాతలు ఉన్నాయి. ఒక మూల నలిగింది. సండే స్కూలు బహుమతిగా ఇచ్చినవి" అని మొదటి వాక్యాల్లోనే పెట్టించారు. చావు కబురు రాస్తున్నట్టు రాశాను.

చాలా రోజులు ఎవరూ పలకలేదు. చివరికి హైదరాబాదు నుంచి ఒకాయన స్వయంగా వచ్చాడు. లోపాలు ముందే చెప్పిన కొట్టు కాబట్టి చూడ్డానికొచ్చానన్నాడు. గొల్యాతు కథ విని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు, నవ్వాడు గానీ ధర మాత్రం పైసా పెంచలేదు. ఆ విషయంలో అచ్చం మా వన్‌టౌన్ మనిషే. ముంబై ధరలో సగం కూడా రాలేదు. నా కమీషన్ వదులుకోబోతే టీచరు గారు ఒప్పుకోలేదు. "ఊరికే చేసిన పనిని రేపు తిట్టడానికి నాకు హక్కుండదు" అన్నారు.

వచ్చిన దాంతో కంచె లేదు, సిమెంటు మెట్లు లేవు. మెరక మాత్రం తోలారు. అదీ సగం ట్రాక్టర్లు ఊరివాళ్లు ఊరికే పంపినవే. ఇనుప స్తంభాలకు బదులు సరుగుడు బాదులు పాతారు. మొదటి వాన పడ్డ మర్నాడు ఆట మొదలైంది. నీళ్లు నిలవలేదు. సామ్రాజ్యమ్మ గారు ఇంటినుంచి కుర్చీ తెప్పించుకుని, తన గొల్యాతును అమ్మి కొన్న గ్రౌండని అందరికీ చెబుతూ ముందు వరసలో కూర్చున్నారు.

చివరి పాయింట్ల దగ్గర పసుపు ఉన్ని బంతి గీత దగ్గర పడింది. టీచరు గారు ఈల నోట్లో పెట్టుకునే ఉన్నారు, కానీ మధ్యలో ఆటగత్తెలు అడ్డొచ్చి ఆవిడకు కనపడలేదు. నేనైతే లోపలే పడిందని ప్రమాణం చేసి, ఆ ప్రమాణానికి ప్రతిఫలం ఏదైనా ఇస్తారేమోనని కూడా చూసేవాణ్ణి. కొట్టిన అమ్మాయే చెయ్యెత్తింది.

"బయట పడింది టీచర్. నా బంతే" అంది.

ఈల మోగింది. పాయింటు అవతలి వాళ్లకు పోయింది, ఆట కూడా పోయింది. ఆ అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంది గానీ, నెట్ కిందనుంచి దూరి అవతలి వాళ్లతో కలిసి నవ్వుతూ నీళ్ల బిందె దగ్గరికి నడిచింది.

ఇప్పుడు కొట్టుకు ఎవరొచ్చినా వస్తువు వెనకవైపు ముందు చూపిస్తాను. చాలామంది పెట్టేసి వెళ్లిపోతారు. కొంతమంది మాత్రం మరో ఊరినుంచి, మరో వస్తువు కోసం, నన్ను వెతుక్కుంటూ వస్తారు. నేనేమీ మారిపోయానని కాదు. లోపం చెప్పే ముందు నా నోరు ఇప్పటికీ ఒక్క అరక్షణం ఆగుతుంది. ఆ అరక్షణంలో మా నాన్న కొట్టు మొత్తం నాలో తెరుచుకుని, తూకం రాళ్లతో సహా, వద్దురా అంటుంది. ఆ తర్వాత, గీత దగ్గర ఆ అమ్మాయి ఎత్తినట్టే, నా చెయ్యి పైకి లేస్తుంది.