తొమ్మిదో దూలం

డోర్కస్ థర్లో కుదురుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. వెన్‌లో హాల్ అనే పాతకాలపు బంగళాకు వచ్చినవాళ్లకు ఇల్లు చూపించడం ఆమె పని, వాళ్లకు టీ, అందులోకి స్కోన్లనే తీపి బన్నులు పెట్టడం నాది. ఇరవై ఆరేళ్లుగా కాలికి బలపం కట్టుకున్నట్టు తిరుగుతూనే ఉంది.

ఆ వారం మరీ ఎక్కువైంది. చెట్టు వలయాలు లెక్కపెట్టి కలప వయసు చెప్పే ప్రైక్, పెద్ద హాలు దూలాలకు సన్నని రంధ్రాలు వేసి వెళ్లాడు. గురువారం వచ్చి ఫలితం చెబుతానన్నాడు. డోర్కస్ ప్రాణమంతా తొమ్మిదో దూలం మీదే. అది స్పెయిన్‌తో పోరాడిన ఓడలోదని ఆమె చెప్పకుండా ఎవర్నీ వదల్లేదు. సఫోక్‌లో పాత ఇల్లున్న ప్రతివాడూ తన దూలాలు ఓడవే అంటాడు, నేను నమ్మను. కానీ ఈమె దగ్గర సాక్ష్యం ఉంది. వడ్రంగులు వరస తప్పకుండా దూలాలకు ఉలితో రోమన్ అంకెలు చెక్కారు. అన్నింటిదీ ఒక తీరు, దీనిది ఒక తీరు. ఇది నావికుల అంకె అని వాళ్ల నాన్న సైలస్ చిన్నప్పుడు ఆమెను నిచ్చెన మీద ఎత్తుకుని, వేలు ఆ గీతల్లో పెట్టించాడు. ఆయన ఈ ఇంటి వడ్రంగి.

"ఓడది కాదని తేలితే?" అన్నాను.

"మా నాన్న అబద్ధమాడే మనిషి కాదు ఎనిడ్. నిన్నటి స్కోన్లు ఇవాళ్టివని చెప్పేది నువ్వు."

గురువారం ప్రైక్ వచ్చేసరికి ఆమె కడిగిన కప్పునే మళ్లీ కడుగుతోంది.

"అన్నీ 1591 చలికాలంలో నరికిన ఓక్ చెట్లే, ఒక్కటి తప్ప," అన్నాడు.

డోర్కస్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తొమ్మిదోదే కదూ? ఇంకా పాతదా?"

"కొత్తదండీ. 1957లో నరికారు."

"మరి ఆ అంకె?"

"పాత వడ్రంగులు తొమ్మిదికి ఐదు గుర్తు V వేసి పక్కన నాలుగు గీతలు గీసేవారు. పది గుర్తు X ముందు ఒక గీత పెడితే, దూలం తిరగబడినప్పుడు పదకొండులా కనబడుతుందని. ఇదేమో ఇప్పుడు బళ్లో నేర్పే తొమ్మిది, IX. కానీ ఏం పనితనమండీ! రంధ్రం వేసేదాకా నేనే పోల్చుకోలేకపోయాను."

1957లో ఈ ఇంటికి వడ్రంగి ఒక్కడే.

డోర్కస్ టీ ముట్టలేదు. తోటంతా మూడుసార్లు చుట్టి వచ్చింది. "ముసలి దొంగ! ఇన్నేళ్లు జనం ముందు నాచేత అబద్ధాలు చెప్పించాడు!"

"కొత్త దూలమని తెలిస్తే చూడ్డానికి ఎవరూ రారని అప్పటి దొరసాని ఆయన నోరు మూయించి ఉంటుందే," అన్నాను.

"నాక్కూడా చెప్పకూడదా? నేను కూతుర్నేగా!" అని ఏడ్చింది.

శనివారం తొమ్మిదో దూలం ఊసే ఎత్తొద్దని మేనేజరు చెప్పింది. అయినా ఒకాయన అడగనే అడిగాడు. "ఓడ దూలం ఇదేనా అండీ?"

డోర్కస్ పైకి చూసింది. "ఓడదీ కాదు, పాడూ కాదు. సైలస్ థర్లో చేశాడు, మా నాన్న. తొమ్మిది తప్పు రాశాడు."

చెప్పి, దాని కింద బల్ల మీద కూర్చుంది. ఆయన వెళ్లిపోయాక కూడా లేవలేదు.